రెండో మనిషి లెక్క

నా దగ్గర ఒక సంఖ్య ఉంది. నాది అనడం తప్పే, సంఖ్యలు ఎవరి సొత్తూ కావు. కానీ దాన్ని మొదట పరీక్షించిన మనిషిని నేనే కాబట్టి, నాది అంటే ఎవరూ కొట్లాటకు రారు. పూర్తిగా రాసి చూపించమంటే మాత్రం నావల్ల కాదు. దానికి రెండు కోట్ల పైచిలుకు అంకెలు. సన్నటి అచ్చులో వేసినా వేల పేజీలవుతుంది. శాలిబండలో నేనుండే ఈ రెండు గదుల్లో అన్ని కాగితాలు పెట్టుకుంటే నేను మెట్ల మీద పడుకోవాలి. అందుకని దాన్ని పొట్టిగా చెబుతాను. ఏడు కోట్ల చిల్లర రెండ్లను వరసగా పేర్చి అన్నిటినీ గుణించాలి. వచ్చినదాంట్లోంచి ఒకటి తీసెయ్యాలి. అంతే.

దీంతో ఏం పని అని అడగనివాళ్లు లేరు. ఫ్యాక్టరీలో అడిగారు, బస్సులో అడిగారు, ఒక పెళ్లిలో భోజనాల బంతిలో విస్తరి ముందు కూర్చోబెట్టి మరీ అడిగారు. ఏం పని లేదు అంటే నమ్మరు, ఏదో దాస్తున్నానని అనుకుంటారు. క్రికెట్ చూసేవాణ్ణి దాంతో నీకేం పని అని ఎవరూ అడగరు. సరే, ఆ కోపం ఇప్పుడెందుకు.

ఇలా రెండ్లను గుణించి ఒకటి తీసేసిన సంఖ్యల్లో ఏ కొన్నో ప్రధాన సంఖ్యలవుతాయి. అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగింపబడవు. మనిషి పుట్టి ఇన్ని వేల ఏళ్లయినా అలాంటివి యాభై పైచిలుకు మాత్రమే దొరికాయి. ఇంకా ఎన్నున్నాయో, అసలు వాటికి అంతు ఉందో లేదో ఎవరికీ తెలియదు. వెతికేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఇంట్లో కంప్యూటర్ ఉంటే చాలు, ఎవరైనా వాళ్లలో చేరొచ్చు. ఎవరూ ముట్టని ఒక సంఖ్యను మన పేరు మీద ఇస్తారు. దాన్ని మన మెషీన్ నెలల తరబడి పరీక్షిస్తుంది.

నేను అప్పట్లో చాంద్రాయణగుట్ట అవతల ఒక ప్రభుత్వ కర్మాగారంలో డ్రాయింగులు గీసేవాణ్ణి. ఒకరు చెప్పిన బోల్టు, ఒకరు చెప్పిన కొలత. లెక్కలంటే చిన్నప్పటి నుంచి పిచ్చి. పిచ్చికి తగిన చదువు మాత్రం అబ్బలేదు. మాకు పిల్లలు లేరు. నేనూ మా ఆవిడా, పాత కంప్యూటర్ ఒకటి. నాకు సంఖ్య కేటాయించినట్టు తెర మీద చూసిన రోజు బెల్లం పెట్టి టీ చేయించుకుని తాగాను. నాకంటూ ఎవరో ఒక పని ప్రత్యేకంగా ఇవ్వడం అదే మొదలు.

మా ఆవిడకు చదువు అయిదో తరగతితో ఆగింది. ప్రశ్నలు మాత్రం ఎక్కడా ఆగలేదు. పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగింది.

“మనం ఎవరికన్న సదివింపులు పెడితె నూట పదహార్లు పెడ్తం. పైన కలుపుతం. మీవోళ్లేంది, గంత పెద్దగ చేసి ఆఖరుకు ఒకటి గుంజుకుంటరు?”

నాకు నవ్వొచ్చింది. లాడ్ బజార్‌లో తెచ్చుకున్న గాజుల పెట్టె అక్కడే ఉంది. అందులోంచి రెండు తీసి పెట్టాను, వాటిని నాలుగు చేశాను, ఎనిమిది చేశాను, పదహారు, ముప్పై రెండు.

“ఇప్పుడు దీన్ని ఎట్ల పంచినా సగానికి సగం పోతది. ఒట్టి రెండ్ల కుప్ప ఇది, దీంట్ల దమ్ము లేదు,” అని, ఒక గాజు తీసేసి చూపించాను. “ఇప్పుడు పంచు.”

ఆమె పంచి చూసింది. రెండుగా పంచితే ఒకటి మిగిలింది. మూడుగా పంచితే ఒకటి మిగిలింది. అయిదుగా పంచినా అంతే.

“మరి మీ పెద్దదాన్ని గూడ ఎవ్వరు ముట్టరా?”

“చిన్నోళ్లు ముట్టలేరు. ముడితే పెద్దోళ్లే ముట్టాలె. వాళ్లు ఎట్లుంటరో గూడ తెలుసు. ఏడు కోట్ల చిల్లర ఉంది గద, దాన్ని రెట్టింపు చేసి, ఏదో ఒకదానితో గుణించి, ఒకటి కలిపితే వచ్చేటోళ్లే వస్తరు. వేరేటోళ్లు రారు.”

“అగో, వాళ్లన్న కలుపుతున్రు!” అని తృప్తిగా చిక్కుడుకాయల్లోకి వెళ్లిపోయింది. నాకు తెలిసిన గణితం మొత్తంలో అంత తృప్తి పడిన విద్యార్థి ఆమె ఒక్కతే.

పరీక్ష ఎలా జరుగుతుందో కూడా చెప్పాను. నాలుగుతో మొదలుపెట్టాలి. దాన్ని దానితోనే గుణించి రెండు తీసెయ్యాలి. వచ్చినదాన్ని మన పెద్ద సంఖ్యతో భాగించి శేషం పట్టుకోవాలి. ఆ శేషాన్ని మళ్లీ దానితోనే గుణించాలి, మళ్లీ రెండు తీసెయ్యాలి, మళ్లీ భాగించాలి. ఇలా ఏడు కోట్ల చిల్లర సార్లు. చిట్టచివర శేషం సున్నా అయితే అది ప్రధాన సంఖ్య. సున్నా కాకపోతే కాదు. మధ్యలో ఎక్కడా ఇటో అటో తెలియదు. సగం దాకా వచ్చాం కదా, కాస్త ఆశ ఉందా అని అడగడానికి లేదు.

మెషీన్ కిటికీ కింద పెట్టాను. రాత్రింబవళ్లు దాని ఫ్యాను గుర్రుమంటూ ఉండేది. మొదటి వారం ఆమె తిట్టింది, తరవాత అలవాటు పడింది. చలికాలంలో దాని వెనకాల వెచ్చగా ఉంటుందని కనిపెట్టి, తోడేసిన పాలగిన్నె అక్కడ పెట్టేది. పెరుగు గట్టిగా తోడుకునేది. ఈ ఇంట్లో నా గణితం వల్ల జరిగిన ఏకైక ఉపకారం అదేనని మా ఇంటి కిందివాళ్లకు కూడా చెప్పుకుంది. కింద బర్రెలు పెట్టుకుని పాల వ్యాపారం చేసే కుటుంబం ఉంటుంది. ఆ ఇంటావిడ నన్ను అన్నా అంటుంది, నేను పాల చెల్లె అంటాను.

లెక్క నడుమలో ఉండగా దసరా వచ్చింది. పొద్దున్నే నేను బంతిపూల కోసం బజారుకు వెళ్లి తిరిగొచ్చాను. మెట్లెక్కుతుంటేనే ఏదో తేడాగా అనిపించింది. ఇంట్లో చప్పుడు లేదు. లోపలికి వెళ్లి చూస్తే మెషీన్‌కు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మీద నిమ్మకాయ ఉంచి, ముందు అగరొత్తులు వెలిగించి ఉన్నాయి. దాని వైరు ప్లగ్గులోంచి ఊడబెరికి, బుద్ధిగా చుట్టి, దారంతో కట్టి ఉంది.

“ఏం జేసినవే?” అన్నాను.

“ఆయుధ పూజ గద,” అంది, ఏమీ జరగనట్టు.

ఆమె లేత్ మెషీన్ల ఇంట్లో పుట్టింది. మా మామగారికి శాలిబండ సందులోనే చిన్న వర్క్‌షాపు ఉండేది. ఆయుధ పూజనాడు అక్కడ లేత్ తిరగడానికి వీల్లేదు. తుడిచి, నూనె పెట్టి, పసుపు కుంకుమలద్ది, గుమ్మడికాయ కొట్టి, ఆ రోజుకు దాన్ని వదిలెయ్యాలి. ఒక ఏడాది అర్జెంటు పని ఉందని ఒక పనివాడు ఆ రోజు లేత్ నడిపి వేలు పోగొట్టుకున్నాడట. ఆ కథ ఆమె చిన్నతనంలో ఎన్నిసార్లు విందో. మెషీన్ అంటే ఏదైనా మెషీనే. ఆ రోజు దాన్ని నడిపితే అది మనిషి మీద కోపం పెట్టుకుంటుంది. కంప్యూటర్‌ను ఆపడానికి ఒక పద్ధతి ఉంటుందని ఆమెకు తెలియదు. లేత్‌కు అలాంటి మర్యాదలేమీ లేవు, కరెంటు తీస్తే ఆగుతుంది. అందుకే ప్లగ్గు పీకింది.

“ఏడాదంత తిప్పుతున్రు దాన్ని. ఒక్కనాడన్న పండనియ్యరా?”

“అది లెక్క జేస్తున్నదే! నడుమల గుంజితె ఎట్ల?”

“లెక్క యాడికి పోతది? రేపు పొద్దుగాల పెడ్దం. అప్పటిదాంక ముట్టద్దు.”

ఒళ్లు మండింది నాకు. కానీ పండగపూట, కొత్త చీర కట్టుకుని, చేతికి పసుపుతో నిలబడ్డ మనిషితో ఏం వాదిస్తాం? అయిందేదో అయింది, ఇప్పుడు పెట్టినా రేపు పెట్టినా ఒకటే అనుకుని ఊరుకున్నాను. ఆ రోజంతా ఇంట్లో ఫ్యాను గుర్రు లేదు. నెలల తరవాత ఒకరి మాట ఒకరికి సరిగ్గా వినబడింది. సాయంత్రం డాబా మీద కూర్చుని వాళ్ల బాపు కబుర్లు చెప్పింది. ఆయన చేతి మసి సబ్బుతో పోయేది కాదట, కిరసనాయిలుతో కడుక్కునేవాడట, అన్నం ముద్ద దగ్గరికొస్తే ఆ వాసన వచ్చేదట. నేను వింటూ ఉన్నాను. నా పెళ్లయిన ఇన్నేళ్లలో అంత తీరుబడిగా ఎప్పుడు కూర్చున్నామో గుర్తులేదు. ఆ రోజు నాకు చాలా బాగుంది, ఈ మాట అప్పుడు ఆమెకు చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఆమే కర్పూరం వెలిగించి, ప్లగ్గు పెట్టి, బటన్ నొక్కింది. మెషీన్ నడుమ నడుమ తన లెక్కను ఫైలుగా దాచుకుంటుంది. తెర మీద ఒక వాక్యం వచ్చింది. చివర దాచిన ఫైలు చెడిపోయింది, అంతకుముందు దాచినదాన్ని తీసుకుని కొనసాగిస్తున్నాను అని. పని అయితే మొదలైంది. నాకు మాత్రం మనసులో ముల్లు దిగింది. ఆ ముందు ఫైలు బాగానే ఉందని గ్యారంటీ ఏమిటి? ఈ లెక్కలో ఉన్న చిక్కే అది. ప్రతి మెట్టూ వెనకటి మెట్టు మీదే నిలబడుతుంది. ఎక్కడో ఒక్క అంకె తప్పు పడితే, ఆ తప్పును దానితోనే గుణించుకుంటూ పోతాం. అక్కణ్ణుంచి చివరిదాకా అంతా తప్పే, చూడ్డానికి మాత్రం అంతా ఒప్పులాగే ఉంటుంది.

నా మొహం చూసి ఆమె అడిగింది, నేను దాచబోయాను. “ఏం కాలె, మళ్ల నడుస్తుంది గద,” అన్నాను. ఆమెకు అర్థమైంది. ఆ పూట వంట మాడిపోయింది.

శివరాత్రి వెళ్లాక లెక్క ముగిసింది. శేషం సున్నా కాలేదు. అంటే నా సంఖ్య ప్రధాన సంఖ్య కాదు. అలా అవుతుందని ముందే తెలుసు, లక్షల్లో ఒకదానికి కూడా ఆ అదృష్టం ఉండదు. అయినా కాసేపు దిగులుగా కూర్చున్నాను. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

“అయితె గది విరుగుతదన్నట్టు?”

“విరుగుతది.”

“దేనితోని?”

“అది తెల్వదు.”

ఆమె నన్ను అనుమానంగా చూసింది. నిజానికి ఈ సంఖ్యల్లో నాకు అన్నిటికంటే వింతగా అనిపించే గుణం ఇదే. పరీక్ష ఒక్కటే చెబుతుంది, ఇది భాగింపబడుతుంది అని. దేనితో భాగింపబడుతుందో చెప్పదు. దాన్ని సరిగ్గా భాగించేవి ఎక్కడో ఉన్నాయి. ఉన్నాయని అనుమానం లేకుండా తెలుసు. అవేమిటో మాత్రం ఈ భూమ్మీద ఒక్కరికీ తెలియదు, బహుశా ఎప్పటికీ తెలియదు.

“మంచి మిషినే,” అంది. “మీ పిల్లగానికి పిల్ల ఉన్నది, గని పేరు జెప్ప, ఊరు జెప్ప అన్నట్టున్నది.”

నవ్వుకున్నాం. తరవాత ఆమె అసలు సంగతి అడిగింది. తను ప్లగ్గు పీకినందుకే సున్నా రాలేదా అని.

అప్పుడు ఆమెకు రెండో మనిషి సంగతి చెప్పాల్సొచ్చింది. మా వెతుకులాటలో ఒక్కరు చేసిన లెక్క లెక్కలోకి రాదు. ప్రతి సంఖ్యనూ కొన్నేళ్ల తరవాత ఎవరో ఒక రెండో మనిషి తన మెషీన్ మీద మొదటి నుంచి చేస్తాడు. అతను మొదటివాడి అడుగుల్లో అడుగు పెట్టకుండా, దారి కాస్త మార్చి నడుస్తాడు. చివర ఇద్దరి శేషాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒకటే అయితే ఇద్దరూ ఒప్పు. వేరయితే ఎవరో ఒకరు తప్పు, అప్పుడు మూడో మనిషి కావాలి. ఆ రెండో మనిషి ఎవరో, ఏ దేశంలో ఉంటాడో మనకు ముందుగా తెలియదు. అతనికి మన శేషం ఏమిటో పట్టదు.

“గాయన ఎప్పుడు జేస్తడు?”

“చానా ఏండ్లు పడ్తది. వరస మీద రావాలె.”

“అప్పటిదాంక నేను మీ లెక్క ఖరాబు చేసిన్నా లేదా తెల్వదు?”

“నువ్వేం ఖరాబు చెయ్యలేదే. నేను చెప్తున్న గద.”

“మీరు నాకోసం చెప్తున్రు. మీరు చెప్తె గాదు, లెక్క చెప్పాలె.”

ఆమె అన్నది అక్షరాలా నిజం. గణితంలో ఓదార్పుకు చోటు లేదని నాకంటే ఆమెకే బాగా తెలిసినట్టుంది.

ఆ తరవాత అప్పుడప్పుడు అడిగేది. కూర తరుగుతూనో, బట్టలు మడతపెడుతూనో, “ఆయన చేసిండా?” అనేది. ఆయన అంటే ఎవరో మాకిద్దరికే తెలుసు. ఇంటికొచ్చిన చుట్టాలు ఎవరో బాకీ ఉన్నారని అనుకునేవాళ్లు. ఇంకా లేదు అనేవాణ్ణి. “నిమ్మలంగ చేయని, తొందరేమున్నది,” అనేది. కానీ నేను లేదు అన్నప్పుడల్లా ఆమె మొహంలో ఒక చిన్న తగ్గుదల కనబడేది. నాకేమో ఆ సంఖ్య ఎలా పోయినా ఫరవాలేదనిపించేది. ఆమె మీద పడిన ఆ చిన్న అపవాదు, ఆమె తనకు తానే వేసుకున్నది, అది పోతే చాలనిపించేది.

దసరాలు వచ్చాయి, పోయాయి. ప్రతి ఏడూ పూజ ముందురోజు నేనే పద్ధతిగా మెషీన్ ఆపి ఆమెకు అప్పజెప్పేవాణ్ణి. ఆమె పసుపు తగ్గించి, కుంకుమ ఫ్యానులోకి పోకుండా వేలి కొసతో బొట్టు పెట్టేది.

నేను రిటైరైన మరుసటి ఎండాకాలం ఆమె పోయింది. పొద్దున గుండెల్లో నొప్పి అంది, మధ్యాహ్నానికి లేదు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఆ తరవాత ఈ ఇల్లు ఎలా ఉందో చెప్పాలంటే, ఏమీ మారలేదు. అదే కష్టం. గాజుల పెట్టె ఉన్నచోటే ఉంది. కింద బర్రెలు అరుస్తాయి, సందులో ఆటోలవాళ్లు చార్మినార్ చార్మినార్ అని కేకలు పెడతారు, ఎప్పటి వేళకు అప్పుడు అజాన్ వినబడుతుంది. మెషీన్ వేరే సంఖ్యల మీద పనిచేస్తూనే ఉంది. వాటి మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. ఆపితే ఇంట్లో ఏ చప్పుడూ ఉండదు, అందుకని నడిపిస్తున్నాను. కొన్ని రోజులు పాల చెల్లెతో రెండు మాటలు తప్ప నా గొంతు నాకే వినబడదు. ఒకసారి ఫోనులో ఎవరితోనో మాట్లాడబోతే గొంతు పెగల్లేదు, దగ్గి సవరించుకోవాల్సొచ్చింది. బంధువులు రమ్మంటారు. వెళ్తాను, టీ తాగుతాను, తిరిగొస్తాను. ఒంటరితనం అనే మాట నాకు ఇష్టం లేదు, అది సభల్లో వాడే మాటలా ఉంటుంది. నాకు మా ఆవిడ లేదు. నాకున్న బాధ అదొక్కటే.

పొద్దున టీ పెట్టుకుని నా సంఖ్య పేజీ తెరిచి చూడటం అలవాటైంది. అక్కడ నా శేషం ఒక్కటే, దాని చివరి పదహారు గుర్తులుగా, ఒక వరసలో ఉండేది, నిర్ధారణ కాలేదు అని పక్కన రాసి. అడిగేవాళ్లు లేకపోయినా చూసేవాణ్ణి. ఆమె అడిగితే చెప్పాలి కదా అన్నట్టు.

ఈ ఏడాది వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున పేజీ తెరిస్తే నా వరస కింద మరో వరస ఉంది.

నేను గబుక్కున అరచేతితో తెర కప్పేశాను. నవ్వుకోండి. ఇన్నేళ్లు ఎదురుచూసినవాణ్ణి, ఇప్పుడు చూడ్డానికి భయపడ్డాను. తేడా ఉంటే? ఆమె తన తప్పే అనుకుని పోయింది, అది నిజమని ఇప్పుడు రుజువైతే? ఆ తప్పును ఆమె మీది నుంచి తీసెయ్యడానికి ఇక ఎవరి తరమూ కాదు. టీ చల్లారిపోయింది. చెయ్యి మెల్లగా జరుపుతూ, కుడి చివరి నుంచి ఒక్కో గుర్తే చూశాను. పైనున్నదీ కిందున్నదీ ఒకటే. దాని పక్కదీ ఒకటే. ఆ పక్కదీ. మొత్తం చెయ్యి తీసేశాను. రెండు వరసలూ అచ్చంగా ఒకటే. నిర్ధారణ అయింది అని పక్కన ఉంది.

సంతోషం వచ్చింది. నిజంగానే వచ్చింది. లేచి నిలబడ్డాను కూడా. లేచాక ఎటు వెళ్లాలో తెలియలేదు.

కిందికి దిగాను. పాల చెల్లె కుడితి కలుపుతోంది.

“చెల్లె, నా లెక్క సరిపోయింది,” అన్నాను.

“ఏ లెక్క అన్నా?”

“గదే, మీ వదిన పూజనాడు ఆపిన లెక్క.”

ఆమె చెయ్యి కడుక్కుని పైకి చూసింది. “మంచిగైంది గద. అయితె ఇగ మిషిన్ బంద్ చేస్తరా?”

ఆమె మామూలుగానే అడిగింది. నాకు మాత్రం ఆ ప్రశ్న గట్టిగా తగిలింది. ఎందుకంటే అప్పుడే నాకు తట్టింది, నిర్ధారణ అయిన సంఖ్య దగ్గరికి ఈ పరీక్ష కోసం ఇక ఎవరూ రారు. ఇద్దరు చేశారు, సరిపోయింది, అయిపోయింది. ఇన్నాళ్లూ ఎవరో ఒకరు వస్తారని ఎదురుచూడటం నాకొక పనిగా ఉండింది. ఆ వచ్చేవాడు వచ్చి వెళ్లిపోయాడు. “చూస్త,” అని పైకొచ్చేశాను.

ఆ రెండో మనిషికి పేరు లేదు, పేరు స్థానంలో ఏవో అక్షరాలు. కానీ మా వెతుకులాటవాళ్లు ఒకరికొకరు ఉత్తరం రాసుకునే సదుపాయం ఉంది. నేనెప్పుడూ వాడలేదు. ఆ మధ్యాహ్నం నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. మన ఇద్దరి శేషాలూ కలిశాయి, మీకు కృతజ్ఞతలు, ఇన్నేళ్లు మీ కోసం ఎదురుచూశాను అని.

మర్నాడు జవాబొచ్చింది. ఒకటే వాక్యం. ఏ సంఖ్య అని.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఏ సంఖ్య ఏమిటి? ఉన్నది ఒకటే కదా! తరవాత అతని పేరు మీదున్న లెక్కలు తెరిచి చూస్తే వేలున్నాయి. అతనికి ఎన్ని మెషీన్లున్నాయో ఏమో. నేను ఏళ్ల తరబడి పట్టుకు వేలాడినది అతనికి ఒక మంగళవారం పూట పూర్తయిన పనుల్లో ఒకటి. అతని తప్పేముంది? అయినా మనసు చివుక్కుమంది. జవాబు రాయకుండా వదిలేద్దామనుకున్నాను.

అన్నం తిన్నాక మళ్లీ కూర్చున్నాను. ఏ సంఖ్యో రాశాను. అక్కడితో ఆగాల్సింది, చేతులు ఆగలేదు. మా దేశంలో ఒక పండగ ఉంది, ఆ రోజు పనిముట్లను మొక్కి వాటికి విశ్రాంతి ఇస్తాం అని రాశాను. నా లెక్క సగంలో ఉండగా మా ఆవిడ అలాగే మెషీన్ వైరు పీకి పూజ చేసింది, ఫైలు చెడిపోయింది, తన వల్లే లెక్క తప్పిందని ఆమెకు దిగులు అని రాశాను. తనకు నా మాట చాలదు, లెక్క చెప్పాలి అంటుంది, అందుకే మీ కోసం చూశాం అని రాశాను. ఎవరికీ ఇంతవరకూ చెప్పని ఆ దిగులు సంగతి, ముక్కూ మొహం తెలియనివాడికి రాసి పంపించాను. పంపించాక సిగ్గేసింది.

ఈసారి జవాబు ఆ సాయంత్రమే వచ్చింది, కాస్త పెద్దది. అతను నా సంఖ్యను వెతికి చూశాడట. రెండు శేషాలూ పూర్తిగా సరిపోయాయట, ఎక్కడా ఏ లోపమూ లేదట. మెషీన్‌ను మొక్కే పండగ సంగతి చదివి అతను చాలాసేపు నవ్వుకున్నాడట, అతనికి అది బాగా నచ్చిందట. చివర ఇలా రాశాడు. “దయచేసి మీ ఆవిడతో చెప్పండి, ఆమె ఆపినందువల్ల ఏ తప్పూ జరగలేదు. మీ మాట కాదు, నా మెషీన్ మాటగా చెప్పండి.”

నేను రాసినదాన్ని పైకి జరిపి మళ్లీ చదివాను. ఆమె పోయిందని ఎక్కడా రాయలేదు. ఆమెకు దిగులు అన్నాను, అంటుంది అన్నాను, చూశాం అన్నాను. కావాలని చేసింది కాదు. ఇప్పుడైనా ఒక వాక్యం రాసి సరిచెయ్యొచ్చు. తప్పు ఉంటే దిద్దడమే కదా మా పని.

జవాబు రాసే పెట్టె తెరిచాను. తరవాత, ఇవాళే చెబుతాను అని రాసి పంపించాను.